అలంపూర్ పాత మిద్దె: తల్వాకిలి దర్వాజ పీకి యూపీవీసీ పెట్టించాల్నా, ఉన్నదే బాగు చేయించాల్నా?

నడిగడ్డ_బిడ్డ:

మాది అలంపూర్. నవబ్రహ్మ గుళ్ల వెనక సందులో మా తాత కట్టించిన మట్టి మిద్దె. గుడి ప్రహరీకీ మా గోడకూ నడుమ ఒక్క ఆటో పట్టేంత జాగా. ఇంట్లో అమ్మ, నాయన ఇద్దరే ఉంటరు. నేను కర్నూలులో ఉద్యోగం, సెలవు దొరికితే పోయొస్తుంట. తమ్ముడు హైదరాబాద్‌లో.

తల్వాకిలి దర్వాజ టేకుది. రెండు రెక్కలు, పైన కింద బొడిపెల మీద తిరిగే పాత రకం, మడతబందులు లేవు. పై చెక్క మీద నడుమ పద్మం, అటొకటి ఇటొకటి చిలకలు. ఎడమ చిలకకు ముక్కు లేదు. చిన్నప్పుడు మా నాయనే విరగ్గొట్టిండని మేనత్త అంటది, ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.

2009 అక్టోబర్ వరదలో ఇంట్లకు నీళ్లొచ్చినయి. తుంగభద్ర దిగినంక బురద కడిగి, నాయన గోడలకు లోపలా బయటా నడుమెత్తు సిమెంట్ పూత పూయించిండు. మా సందులో అందరూ అట్లనే చేసిన్రు. ఇప్పుడు దర్వాజ నిలువు చెక్కలు రెండూ గడప దగ్గర పుచ్చినయి. కుడిదాన్ని గోటితో గీకితే పొడి రాలుతున్నది. చెదలు కూడ పట్టింది. రెక్క కిందికి దిగి గడపను రాస్తున్నది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, తలుపు ఎత్తి జరపాలంటే ఆమెతోని అయితలేదు. నాయన పొద్దుగాల పాలకు పోతే తిరిగొచ్చేదాక తలుపు బార్లా తెరిచే ఉంటది.

వీధి వైపు మూడు కిటికీలు. నిలువు ఇనుప ఊచలు, లోపల చెక్క రెక్కలు, వాటి మీద ఎన్నిసార్లు వేసిన్రో తెల్వని ఆకుపచ్చ పెయింట్. మూస్తే చీకటి, తెరిస్తే దోమలు. పడమటి కిటికీ రెక్కలు వానకాలం ఉబ్బి మూతపడవు.

అన్నీ పీకేసి యూపీవీసీ, అదే గట్టి ప్లాస్టిక్‌వి, పెట్టిద్దాం, పదేండ్లు మల్ల చూసే పని ఉండదు అంటడు తమ్ముడు. కర్నూలు నుంచి ఒకాయన వచ్చి టేపు పెట్టి కొలిచి, కిటికీలకు చదరపు అడుక్కు 700 చెప్పిండు. దర్వాజకు వేరే లెక్క. తీసేసిన పాత టేకు తనే తీస్కపోయి బిల్లులో తగ్గిస్తడంట. కిటికీలను రెండు నిమిషాల్లో కొలిచినాయన దర్వాజ ముందర మాత్రం చాలాసేపు నిలబడ్డడు. దాని మీద చెయ్యేసి నిమిరిన తీరు చూస్తే, ఆయన అసలు ఏం పనికి వచ్చిండో నాకు అర్థమైంది.

ఇంకో భయం గుడి వాళ్లతోని. మా పక్కింటాయన మిద్దె మీదికి మెట్లు కట్టబోతే పని ఆపమని నోటీసు అతికించి పోయిన్రు. తలుపు మార్చుకోవడానికి గూడ పర్మిషన్ కావాల్నా? దర్వాజను కింద ఒక్కటే బాగు చేయొచ్చా? తెలిసినోళ్లు చెప్పండి. "పాతది బంగారం" అని మాత్రం చెప్పకండి. ఆ బంగారాన్ని రోజుకు పదిసార్లు ఎత్తి జరిపేది మా అమ్మ.

పానగల్_సివిల్:

అమ్మా, నేను నల్లగొండ వాణ్ణి. ఉద్యోగమంతా సర్కారు బిల్డింగుల మరమ్మతులతోనే గడిచింది. ముందు పర్మిషన్ సంగతి చెప్తాను, ఎందుకంటే అది తేలకుండా మేస్త్రీని పిలవొద్దు.

మీ నవబ్రహ్మ గుళ్లు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అందుకని మీకు 1958 నాటి పురాతన కట్టడాల చట్టం, 2010లో దానికి చేసిన సవరణ వర్తిస్తాయి. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం. అక్కడి నుంచి ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆటో పట్టేంత దూరం అన్నారు కాబట్టి మీరు నిషిద్ధంలోనే ఉన్నారు, టేపు కూడా అక్కర్లేదు. అక్కడ కొత్త నిర్మాణం కుదరదు. పక్కింటాయన మెట్లు ఆగింది అందుకే అయ్యుంటుంది. కానీ 1992 జూన్ 16 కంటే ముందు నుంచి ఉన్న ఇంటికి మరమ్మతు, పునరుద్ధరణ చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని అదే చట్టంలో ఉంది. చాలామంది "నిషిద్ధం" అన్న మాట విని అక్కడే ఆగిపోతారు. దొంగచాటుగా పని మొదలుపెట్టి దొరికిపోయే వాళ్లు ఇంకొందరు. నిషిద్ధ ప్రాంతంలో అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ.

దరఖాస్తు రాష్ట్రానికి నియమించిన కాంపిటెంట్ అథారిటీ అనే అధికారికి వెళ్తుంది. ఆయన పదిహేను రోజుల్లో దాన్ని నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ అనే కేంద్ర సంస్థకు పంపాలి. వాళ్లు రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి. అది అందాక నెలలోపు మీకు అవునో కాదో తెలపాలి. ఇది చట్టం రాసిన గడువు. ఆఫీసులో నడిచే గడువు వేరుగా ఉంటుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. వానలు మొదలయ్యే లోపు పని ముగించాలనుకుంటే చలికాలంలోనే కాగితం పెట్టండి.

ఇల్లు 1992కు ముందుదని చూపించడానికి పాత ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, దస్తావేజు ఏది ఉన్నా తీయండి. దర్వాజ కనిపించే పాత పెళ్లి ఫొటో ఇంట్లో ఉంటే అది కూడా జత చేయండి. ఇప్పుడున్న ప్రతి తలుపునీ కిటికీనీ లోపలి నుంచి, బయటి నుంచి ఫొటో తీసి, పక్కన కొలతలు రాసి పెట్టండి. పనిలో ఏ గోడకూ కొత్త సందు కొట్టరు, ఉన్న సందు పెంచరు, ఎత్తు పెరగదు అని స్పష్టంగా రాయండి. రెక్క మార్చడానికి కూడా కాగితమా అని ఎవరితోనూ వాదన పెట్టుకోకుండా, అన్ని పనులూ ఒకే దరఖాస్తులో రాసేయండి. మున్సిపాలిటీ వాళ్లు నోటితో "చేసుకో" అన్నారని మొదలుపెట్టొద్దు, వాళ్ల మాట ఇక్కడ సరిపోదు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక ముక్క. మా పానగల్ గుళ్లలాగా రాష్ట్ర శాఖ కింద ఉన్న కట్టడాల దగ్గర ఇల్లుంటే చూడాల్సింది 2017లో వచ్చిన తెలంగాణ వారసత్వ చట్టం. ఆఫీసు వేరు, దరఖాస్తు వేరు.

కోట_సందు:

అక్కా, నేనూ అలంపూరోణ్ణే. ఇంజనీర్ సార్ చెప్పింది కాగితం మీద బాగుంది. మా ఇంట్లో వెనక గోడ వాలింది. పెళ్లికెదిగిన చెల్లె ఉన్నది, బాత్రూం కట్టుకుందామంటే వద్దంటరు. గుడి చూడనీకె వచ్చెటోళ్లు మా సందులో నిలబడి "ఎంత అందంగున్నయి ఈ పాత ఇండ్లు" అని ఫొటోలు తీసుకొని పోతరు. అందం వాళ్లది, కారే మిద్దె మాది. నువ్వు ఏదన్నా చెయ్యి గానీ ఆ టేకు మాత్రం బిల్లులో తగ్గిస్తనన్నోనికి ఇయ్యకు. మా పెదనాయన ఇచ్చిండు. ఆ తలుపు ఇప్పుడు ఏ హోటల్‌లో టేబుల్ అయి ఉందో.

వడ్లపని_గద్వాల:

చెల్లె, మాది గద్వాల. మా తాత, నాయన, నేను అందరం వడ్లపనోళ్లమే. ఇప్పుడు షాపులో ప్లైవుడ్ పనే ఎక్కువ, పాత దర్వాజ పని వస్తే మాత్రం నేనే పోత, పనోళ్లను పంప. నువ్వు రాసింది చదివితే దర్వాజ కండ్ల ముందర కనబడ్డది.

మొదటి మాట. దర్వాజ పీకొద్దు. అది బంగారమని కాదు. ఈ కాలం ఇండ్లల్లో గోడ కట్టి సందు ఇడిసి, తర్వాత ఫ్రేమ్ బిగిస్తరు. మీ తాత కాలంల ముందు దర్వాజ నిలబెట్టి, పూజ చేసి, దాని చుట్టూత గోడ కట్టుకుంట పోయిన్రు. పై చెక్కకు రెండు దిక్కులా చెవులు ఉంటయి, అవి గోడలకు జానెడు జొచ్చి ఉంటయి. దాని పైన గోడ మందం నిండా అడ్డచెక్కలు, వాటి మీద మట్టి గోడ, ఆ మీద మిద్దె దూలాలు, దంతెలు, జానల కొద్ది చౌడు మన్ను. అంత బరువు కింద నుంచి ఫ్రేమ్ గుంజితే ఏమైతదో చెప్పనక్కర లేదు. యూపీవీసాయన గ్రైండర్ పెట్టి ఒక్కపూటల కోసేస్తడు. పైన గోడ పగులు ఇచ్చేది ఆయన పోయినంక. ఇంకోటి, ఆ ఫ్రేమ్‌కు గోడ సాపుగ, గుండు వేసినట్టు నిటారుగ ఉండాలె. మట్టి గోడ ఏడ సాపుగ ఉంటది? సందులు మిగిలితే ఫోమ్ కొట్టి నింపుతరు. ఆ ఫోమ్‌కు మట్టి గోడకు పొసగది, ఎలుక తవ్వుతది.

రెండో మాట. చెక్క ఎందుకు పుచ్చింది? ఎనభై తొంభై ఏండ్లు పుచ్చని టేకు ఇప్పుడే ఎందుకు పుచ్చింది? వరద ఒక్కసారి వచ్చిపోయింది, టేకు దానికి భయపడది, ఎండకు ఆరిపోతది. సిమెంట్ పూత ఆరనియ్యది. నేల నుంచి తేమ మట్టి గోడలకు ఎక్కుతనే ఉంటది, ఎప్పుడూ ఎక్కేదే. మొదలు సున్నం పూతల నుంచి బయటికి ఆరిపోయేది. ఇప్పుడు రెండు దిక్కులా సిమెంట్ మూసింది గనక, బయటపడే దారి ఎక్కడ దొరికితే అక్కడికి పోతది. ఆ దారి నీ దర్వాజ నిలువు చెక్క. తడి చెక్క ఉంటే చెదలుకు పిలుపు అక్కర లేదు. అందుకే చెక్క మార్చి సిమెంట్ ఉంచితే కొత్త చెక్క గూడ పుచ్చుతది. యూపీవీసీ పెడితే అది పుచ్చది, దాని పక్కన గోడ పొడి రాలుతది.

ముందు ఎంత పుచ్చిందో తెలుసుకో. దబ్బనం తీసుకొని గడప దగ్గర మొదలుపెట్టి రెండంగుళాలకు ఒకసారి గుచ్చుకుంట పైకి పో. అలవోకగ దిగితే పుచ్చు. గట్టిగ ఎదురు కొట్టిన కాడ చాక్‌పీస్‌తో గీత పెట్టు. వేలి కణుపుతో కొట్టి చప్పుడు గూడ విను, డొల్ల చప్పుడు వస్తే పైకి మంచిగ కనబడ్డా లోపల చెదలు తిన్నట్టే. మామూలుగ ఇసొంటి దర్వాజల పుచ్చు మోకాలు దాటది. మోకాలు లోపల ఉంటే నిశ్చింతగ అతుకు పని. నడుము దాక పోయిందంటే మాత్రం ఫోన్ల చెప్పే ముచ్చట కాదు, మనిషి చూడాలె.

అతుకు పని ఇట్ల చేస్తం. పై చెక్కకు రెండు దిక్కులా పోటీలు, అంటే ఆపు కర్రలు, నిలబెట్టి బరువు వాటి మీదికి తీసుకుంటం. రెక్కలు దించి పక్కన పెడతం. చుట్టూత సిమెంట్ మెల్లగ ఉలితోని లేపుతం, డ్రిల్ పెట్టం, మట్టి అదిరిపోతది. నిలువు చెక్కను గీత పైన అడ్డంగ కొయ్యం, ఏటవాలుగ కోస్తం. ఏటవాలు పొడుగు చెక్క మందానికి రెండింతలన్నా ఉండాలె, అప్పుడే అతుకు బరువు మోస్తది. కింద ముక్కకు పాత టేకే కావాలె. కొత్త టేకు ఆరకుండ ఉంటది, నడి ఎండకాలంల కుదించి అతుకు నోరు తెరుస్తది. పాత దూలం ముక్క దొరికితే అంతకు మించింది లేదు. అతికి, టేకు చీలలు దిగగొడతం. ఇనుప మేకులు వద్దు, తడికి తుప్పు పట్టి చెక్కను నల్లగ చేస్తయి. కొత్త ముక్క అడుగు భాగానికి అవిసె నూనె ఎంత తాగితే అంత తాపిస్తం. అడుగున మట్టి తగలకుండ నల్లబండ ముక్క పెడతం. పాత కాలంల పెట్టేవాళ్లే, నీ దర్వాజ కింద గూడ ఉండొచ్చు, వరద తర్వాత నేల ఎత్తు పెంచి ఉంటే బండ కిందికి పోయి ఉంటది, తవ్వి చూడమను. చుట్టూత మల్ల గానుగ సున్నం, ఇసుక. సిమెంట్ గోరంత గూడ కలపొద్దు. మేస్త్రీ వినడు, "కొంచెం కలిపితే గట్టిగుంటది" అంటడు, పక్కన నిలబడాలె.

రెక్క దిగుడు చిన్న పని. కింద బొడిపె అరిగి ఉంటది, లేకుంటే అది తిరిగే గుంత పెద్దగయి ఉంటది. బొడిపెకు ఇత్తడి తొడుగు వేసి, గుంతల ఇత్తడి బిళ్ల పెడితే రెక్క లేచి నిలబడతది. అమ్మ చిటికెన వేలుతో జరపొచ్చు. నీ దరఖాస్తు తేలేదాక ఆగలేకపోతే, ఇప్పటికిప్పుడు ఈ ఒక్క పని గురించి సార్‌ను అడిగి చేయించు.

చిలక ముక్కు అట్లనే ఉండనీ. చెక్కుమంటే చెక్కుత గానీ మీ మేనత్త ఒప్పుకోదు.

బాత్_పాలమూరు:

అక్కా, మాది మహబూబ్‌నగర్, ఇప్పుడు ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊర్లో ఉంటున్నాను. ఊరు ఊరే వారసత్వ ప్రదేశం. ఇక్కడ 1967 చట్టం నుంచి కన్జర్వేషన్ ఏరియాలని ఉన్నాయి. వాటిల్లో ఒక్క కట్టడం చుట్టూ గీత గీయడం కాదు, వీధి వీధినే కాపాడతారు. లిస్టెడ్ బిల్డింగ్, అంటే సర్కారు వారసత్వ జాబితాలో ఉన్న కట్టడం, అయితే కిటికీ మార్చడానికి ముందు కౌన్సిల్ నుంచి సమ్మతి తీసుకోవాల్సిందే. మామూలు ఇంటికి కూడా కౌన్సిల్ ఆర్టికల్ 4 అనే ఆదేశం ఇచ్చి ఉంటే వీధి వైపు కిటికీ మార్చే ముందు పర్మిషన్ అడగాలి. ప్లాస్టిక్ కిటికీ పెట్టినవాళ్లతో తీయించి మళ్లీ చెక్కది పెట్టించిన గొడవలు ఉంటాయి. మా ఓనరైతే పర్మిషన్ అన్న మాట వింటేనే దండం పెడతాడు.

మేముండే ఫ్లాట్‌లో పైకీ కిందికీ జరిగే పాత చెక్క కిటికీలు. గోడలో తాళ్లు, వాటికి ఇనుప గుండ్లు. అద్దం ఒక్కటే పొర, చలి లోపలికొస్తుంది. దాన్ని ముట్టకుండా లోపలి వైపు ఇంకో సన్నని అద్దపు ఫ్రేమ్ బిగించారు, ఇక్కడ చాలా ఇళ్లలో అదే పద్ధతి. వీధిలోంచి చూస్తే ఏ మార్పూ కనిపించదు. మీ గోడ ఎలాగూ మందమే కదా, దోమల జాలీకి అదే పద్ధతి పనికొస్తుందేమో అన్నలు చెప్పాలి.

నడిగడ్డ_బిడ్డ:

అందరికీ దండాలు. గద్వాల అన్న చెప్పినట్టే దబ్బనం పెట్టి చూసిన. ఎడమ చెక్క జానెడు లోపలే ఆగింది. కుడిది మోకాలికి నాలుగు వేళ్ల కిందికి ఉన్నది. తమ్మునికి వీడియో కాల్‌లో గుచ్చి చూపించిన, వాడు మెత్తబడ్డడు గానీ కిటికీల మీద పట్టు విడుస్తలేడు. బాత్ తమ్ముడు చెప్పింది వినంగనే కొలిచిన, గోడ రెండడుగుల మందం. చెక్క రెక్కలు లోపలికే తెరుచుకుంటయి, జాలీ పెడితే రెక్కలకు తగలదా? ఆ ఆకుపచ్చ పెయింట్ తీసేద్దామా? నాయన గ్యాస్ మంట పెట్టి కాల్చి తీయిస్తనంటున్నడు.

పానగల్_సివిల్:

కాల్చొద్దు. మన దగ్గర ఇంటి పెయింట్లలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) అని పరిమితి అమలైంది 2017 నవంబర్ నుంచి. మీ కిటికీల మీద అడుగు పొరలు అంతకు చాలా ముందువి, సీసం ఉన్నట్టే అనుకొని పని చేయాలి. కాలిస్తే పొగలో, పొడిగా గీకితే దుమ్ములో ఆ విషం ఒంట్లోకి పోతుంది. నీళ్లు చల్లుతూ తడిమీద గీకించండి, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి రాలింది మొత్తం మూట కట్టి తీసేయండి. పని జరిగినన్నాళ్లు అమ్మానాన్నలను, ముఖ్యంగా చిన్న పిల్లలెవరైనా వస్తే వాళ్లను, ఆ గదిలో ఉంచొద్దు. పెయింట్ గట్టిగా పట్టుకొని ఉన్నచోట తీయకుండా పైన కొత్తది వేసుకున్నా నష్టం లేదు.

బొడిపెకు ఇత్తడి తొడుగు సంగతి దరఖాస్తులో రాయండి. అమ్మగారి ఇబ్బంది కూడా రాయండి. అంతకుముందే చేయించాలంటే మీ ఊళ్లోనే గుడి దగ్గర ఉండే పురావస్తు శాఖ సిబ్బందికి చూపించి, ఒక తెల్లకాగితం మీద రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకొని చేయించండి.

వడ్లపని_గద్వాల:

జాలీ తగలది చెల్లె. రెక్కలు లోపలికి తెరిస్తే జాలీ వాటికన్న బయట, ఊచల దగ్గర్నే ఉండాలె. ఊచలకు లోపలి దిక్కు అంగుళం పట్టీ జాగా ఉంటది, అండ్ల సన్నని టేకు ఫ్రేమ్ చేసి జాలీ గుంజి బిగిస్తే చాలు. ఇత్తడి కొక్కేలు పెడితే తీసి కడుక్కోవచ్చు. వెలుగు కావాల్నంటే చెక్క రెక్కల పై సగం పలకలు తీసి అద్దం వేసుకొమ్మని కొందరు చెప్తరు, నేనైతే వద్దంట. ఎండకాలం మధ్యాహ్నం మన నడిగడ్డల అద్దం ఉన్న రూముల కూసొని చూడు. వెలుగుకు మిద్దెల గవాచి, అదే కప్పుకు ఇడిసిన బొక్క, ఉంటది కదా, మీది మూసేసిన్రా? వానకు కారుతదని చానామంది బండ కప్పిన్రు. దాన్ని తెరిచి పైన మందపు అద్దం పెడితే నడింట్ల పగలు లైటు అక్కర లేదు. మీ గుళ్ల గోడలకే రాతి జాలీ కిటికీలు ఉన్నయి, వెయ్యేండ్లకు పైన కింద గూడ గాలి లోపలికి రావాలె, ఎండ రావొద్దు అనే ఆలోచించిన్రు.

పడమటి కిటికీ రెక్కలు ఉబ్బేది పెయింట్ పగిలిన కాడ నీళ్లు తాగి. ఎండకాలం బాగ ఆరినంక అంచు ఒక నూలు మందం రందా పట్టి, నాలుగు అంచులకూ, ముఖ్యంగ అడుగంచుకు, నూనె పట్టియ్యాలె. అడుగంచు ఎవ్వరికీ కనబడదు గనక ఏ పెయింటరూ ముట్టడు.

నడిగడ్డ_బిడ్డ:

గవాచి మూసే ఉన్నదన్నా, పైన కడప బండ కప్పిన్రు. ఆ సంగతి గూడ దరఖాస్తులో రాస్తున్న. రసీదుల కోసం నాయన ట్రంకు పెట్టె తీసిండు, 1978 ఇంటి పన్ను రసీదు దొరికింది. యూపీవీసాయనకు ఫోన్ చేసి పని లేదని చెప్తే, "కిటికీలు వద్దంటే వద్దు, దర్వాజ ఒక్కటి ఎంతకిస్తరు" అని అడిగిండు.

కోట_సందు:

చెప్పిన గద.